తల్లికి ముందు, బిడ్డకి తర్వాత

మా వాళ్ళలో ఒంటరిగా కల్లు తాగిన మగాణ్ణి నేను చూడలేదు. తాగకూడదని ఎవరూ శాసనం వేయలేదు, పద్ధతే అలాంటిది. తాటాకు దొప్పలో కల్లు పోయించుకున్న మనిషి ముందు నాలుగు చుక్కలు కిందికి వదిలి "తల్లికి ముందు!" అనాలి. పక్కనున్నవాడు "బిడ్డకి తర్వాత!" అనాలి. ఆ రెండో మాట పడితేనే దొప్ప నోటిదాకా వెళ్తుంది. పడకపోతే ఎంత దాహంగా ఉన్నా చెయ్యి దించెయ్యాల్సిందే. కొవ్వూరికి దిగువన, ఏటిగట్టు వారగా ఉన్న మా జాలరి ఇళ్ళల్లో తాతలనాటి నుంచీ ఇంతే. తల్లి అంటే గోదారి. బిడ్డ అంటే తాగేవాడు.

మా మావగారు ఒకసారి ఎండవేళ కల్లు లొట్టి ముందు పెట్టుకుని, ఆ మాట అనేవాడు దొరక్క చాలాసేపు గట్టుమీద కూర్చున్నారట. ఆఖరికి బస్సు వస్తే చెయ్యెత్తి ఆపారట. కండక్టరు తల బయటపెట్టి "ఎక్కడికండీ?" అంటే, "ఎక్కడికీ లేదు బాబూ, 'బిడ్డకి తర్వాత' అని ఒక్క మాటనేసి ఎల్లు" అన్నారట. కండక్టరు ఆ మాట అని, వెంటనే "రైట్ రైట్" అన్నాడట. మా ఇంట్లో చిన్నపిల్లలు అన్నం తిననని మారాం చేస్తే ఇప్పటికీ ఈ కథే చెప్తాం.

నేను పుట్టింట్లోనూ అత్తింట్లోనూ ఈ మాట వింటూనే పెరిగాను. సాయంత్రం పూట చేపల గంప కడుగుతుంటే తాటిచెట్ల కిందనుంచి ఒక గొంతు, వెంటనే ఇంకో గొంతు వినపడేవి. కాకి అరుపు ఎంత పట్టించుకుంటామో దాన్నీ అంతే పట్టించుకునేదాన్ని. అది ఎక్కడినుంచి వచ్చింది, ఎందుకంటారు అన్న ఆలోచన బడికి వెళ్ళాకే వచ్చింది.

నేను బడికి వెళ్ళింది మనవలు పుట్టాక. అంగన్‌వాడీలో పిల్లలు ఇళ్ళకు వెళ్ళాక, మధ్యాహ్నం పూట మా ఆడవాళ్ళకు అక్షరాలు చెప్పేవారు. పొద్దున్న కొవ్వూరు మార్కెట్లో చేపలమ్మి వచ్చి, స్నానం చేసి, ఇంత తిని వెళ్ళేదాన్ని. ఎంత సబ్బు రాసినా పలకకి నీచువాసన అంటుకునేది. మా టీచరుగారు మా పెద్దమ్మాయి కన్నా చిన్నది. వాసన గురించి ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు.

మాకు చదవడం కాస్త పట్టుబడ్డాక ఒకరోజు ఆవిడ, "మీ ఇళ్ళల్లో రోజూ అనే మాట ఒకటి చెప్పండమ్మా. అలా ఎందుకంటారో కూడా చెప్పాలి" అంది.

మా వీధిచివర ఆవిడ ముందు లేచింది. "బియ్యం అయిపోయినా అయిపోయాయి అనమండీ. నిండుకున్నాయి అంటాం."

"ఎందుకని?"

"అయిపోయాయంటే లక్ష్మీదేవి ఇంటదండీ."

"వింటే?"

"ఎల్లిపోద్దండీ."

"మరి ఇప్పటిదాకా ఉందా మీ ఇంట్లో?"

"ఉంటే ఎండలో గంపెత్తుకుని నేనెందుకు తిరుగుతానండీ!"

అందరం నవ్వాం. ఇంకొకావిడ, దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలంది. ఇంకొకావిడ, ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు వెళ్తున్నా అనకూడదు, వెళ్ళొస్తా అనాలంది. నా వంతు వచ్చింది. వల ఖాళీగా వస్తే మేం చేప పడలేదు అనం, తల్లి దాచింది అంటాం. అదే చెబుదామని లేచాను. నోట్లోంచి మాత్రం "తల్లికి ముందు, బిడ్డకి తర్వాత" అని వచ్చింది.

"ఓలమ్మో, తాగుబోతుల మాట బళ్ళోకి తెచ్చిందండీ ఈవిడ!" అని పక్కావిడ నోరు నొక్కుకుంది.

టీచరుగారు మాత్రం తిరిగి బోర్డుమీద రాసింది. మా ఆయన నోటి మాటను, మా నాన్న నోటి మాటను తెల్లగా రాసి ఉండగా మొదటిసారి చూశాను. నెమ్మదిగా కూడబలుక్కుని చదివి, నా పలకమీద దించుకున్నాను. "ఇది ఎందుకంటారో కనుక్కుని రండమ్మా" అంది ఆవిడ.

నేను ఆ మాట ఎందుకన్నానో ఆవిడకు తెలియదు. ఆ రోజుల్లో నా తలలో ఇంకో మాట తిరగడం లేదు.

ఆ చలికాలంలో మా ఆయనకు కళ్ళు పచ్చబడ్డాయి. కాళ్ళు నీరు పట్టాయి. పొట్ట ముందుకొచ్చింది. రాజమండ్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్తే పరీక్షలన్నీ చేసి డాక్టరుగారు మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టారు. "లివరు బాగా దెబ్బతింది. ఇకనుంచి మందు, కల్లు, ఏదీ వద్దు. తగ్గించడం కాదు. ఒక్క చుక్క కూడా వద్దు" అన్నారు.

"పండక్కో, పబ్బానికో అండీ?" అని అడిగాడు మా ఆయన.

"పండగ చేసుకోవడానికి మీరుండాలి కదండీ" అన్నారు డాక్టరుగారు.

మా ఆయన చెడ్డవాడు కాదు. నా మీద ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. తాగితే నవ్వేవాడు, పాడేవాడు, దారిలో కనపడ్డ ప్రతి కుక్కనీ పేరు పెట్టి పిలిచేవాడు. అయితే ఒక దొప్పతో లేచిన రోజు మాత్రం లేదు. మొదటిది గొంతు దిగితే రెండోది అడక్కుండానే చేతిలోకి వచ్చేది. ఆసుపత్రినుంచి వచ్చాక పాపం, డాక్టరుగారి మాట మీద నిలబడ్డాడు. సాయంత్రమైతే చెట్ల వైపు వెళ్ళకుండా నా పక్కన కూర్చుని వలలు బాగుచేసేవాడు. ఆ రెండు గొంతులూ వినపడితే చేతిలో పని ఆగేది, మళ్ళీ సాగేది.

అంతలో మా అబ్బాయి కొత్త నావ కట్టించాడు. వానాకాలం వరదకి గోదాట్లో ఎర్రనీరు రాకముందే దించాలి, ఎర్రనీటితోనే పులస వస్తుంది కాబట్టి. నావ దించే రోజున ఇంటి పెద్ద మోకాలిలోతు నీళ్ళలో నిలబడి మొదటి దొప్ప పట్టుకుని మాట చెప్పాలి, తాగాలి. ఆ తర్వాతే నావకి చెయ్యి వేస్తారు. మా ఇంటి పెద్ద మా ఆయనే.

"ఒక్క దొప్పే కదే" అన్నాడు వల కుడుతూ, నా మొహం చూడకుండా.

"నీ ఒక్క దొప్ప సంగతి నాకు తెలీదా?"

"నా చేత్తో దించే ఆఖరి నావేమో ఇది. దానికీ మాట చెప్పకపోతే ఎలాగే?"

"మాట చెప్పు. తాగకు."

"తాగని మాట మాటంటావా? నువ్వూరుకో."

అలా నా బడి పనీ, నా భయం ఒకటే అయ్యాయి. ఆ మాట ఎందుకంటారో అందర్నీ అడుగుతూ తిరిగాను. తాగకుండా తప్పించే దారి ఆ మాటలోనే ఎక్కడో ఉంటుందని నా ఆశ.

ముందు కల్లు గీసే ఆయన్ని అడిగాను. ఆయన మోకు భుజాన వేసుకుని నవ్వాడు. "ఏముందమ్మా, లొట్టిలో పైన చీమలుంటాయి, తేనెటీగలుంటాయి. దొప్ప ఒంచి నాలుగు చుక్కలొదిలితే అవి పోతాయి. చీమల్ని తల్లికిచ్చి, కల్లు మనం తాగుతున్నాం" అన్నాడు. ఈ మాట మా ఆయనతో చెబితే అతనికి కోపం వచ్చింది. "ఆడికేం తెలుసు, చెట్టెక్కేవాడికి! తల్లి పెట్టే అన్నం తింటున్నాం. ఆవిడ కన్నా ముందు మనం నోట్లో పెట్టుకుంటామా?" అన్నాడు. రెండూ నిజమే అనిపించాయి నాకు. రెండూ నాకు పనికిరాలేదు.

తర్వాత పిన్నత్త దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మా అత్తగారి చెల్లెలు. మా వెనకింట్లో ఉంటుంది. వినికిడి తగ్గింది గానీ నోరు తగ్గలేదు.

"నువ్వు మొదటి మాట గురించి అడుగుతున్నావేంటే? మొదటి మాటదేముంది, దాహమేసినోడెవడైనా అంటాడు. బరువంతా రెండో మాటదే" అంది.

"అదేంటి పిన్నత్తా?"

"వెనకటికి ఒకాయన తాగి, నావమీంచి జారి ఏట్లో పోయాడంట. పెళ్ళాం వచ్చి ఏడుస్తూ, 'ఈయన పక్కనెవరున్నారయ్యా, తాగొచ్చని ఎవరన్నారయ్యా' అని అందర్నీ అడిగిందంట. ఒక్కడూ నోరెత్తలేదంట. అప్పుడు పెద్దలు కట్టుబాటు పెట్టారు. ఎవడు తాగినా పక్కనోడు 'బిడ్డకి తర్వాత' అనాలి. అన్నాడంటే ఆడిని క్షేమంగా ఇంటికి చేర్చే పూచీ అన్నోడిదే. పెళ్ళాం అడిగితే జవాబు చెప్పాల్సిందీ ఆడే."

ఇన్నేళ్ళు మా ఆయనకు ఆ రెండో మాట అన్నది మా తమ్ముడే. బావకి బామ్మర్ది. తాగి నిలబడలేని ప్రతిసారీ మా ఆయన్ని భుజానేసుకుని తెచ్చింది కూడా వాడే. గుమ్మంలో దింపి, "ఇదిగో అక్కా, నీ సరుకు. లెక్క చూసుకో, చెప్పుల్లో ఒకటి ఏట్లో పోయింది" అనేవాడు. అది వాడి ప్రేమ అనుకున్నాను. అది పూచీ కూడా అని ఆరోజే తెలిసింది.

"మాట చెప్పి తాగకుండా ఉండొచ్చా పిన్నత్తా?" అని అడిగాను ఆఖరికి.

ఆవిడ నా మొహంలోకి చూసింది. ఎందుకడుగుతున్నానో ఆవిడకు తెలుసు. "నేనైతే ఎప్పుడూ చూళ్ళేదే తల్లీ" అంది మెల్లగా.

ఈ కారణాలన్నీ తీసుకెళ్ళి బళ్ళో చెప్పాను. ఏది నిజమని టీచరుగారు అడగలేదు. అన్నీ ఒకదాని కింద ఒకటి బోర్డుమీద రాసింది.

నావ దించే ముందురోజు తమ్ముడి ఇంటికి వెళ్ళాను. వాడు అరుగుమీద కూర్చుని కొత్త మోకు పేనుతున్నాడు.

"రేపు మీ బావకి ఆ మాట అనకురా" అన్నాను.

"ఏంటక్కా, నావ దించే రోజున బావ నోరు కుట్టెయ్యమంటావా?"

"డాక్టరుగారు ఏమన్నారో నీకు తెలుసుగా."

"తెలుసులే. నేననకపోతే ఇంకోడంటాడు. అక్కడ ఊరంతా ఉంటారు. ఎంతమంది నోళ్ళు మూస్తావు నువ్వు?"

"నువ్వు మాత్రం అనకు."

"అవతల బావ నీళ్ళలో నిలబడి మాట చెప్తే, బామ్మర్దినై ఉండి నేను ఆకాశం కేసి చూస్తే, ఊళ్ళో నా పరువేం గాను? ఇవి మగాళ్ళ సంగతులు, నువ్వు ఎల్లి బూరెలకి పప్పు నానబెట్టుకో" అన్నాడు. వాడు నవ్వుతూనే అన్నాడు. ఇంటికొచ్చి పప్పు నానబెట్టాను. ఇంకేం చేస్తాను?

మర్నాడు పొద్దున్న ఎండ ముదరకముందే అందరూ రేవుకి వచ్చారు. నావకి తారు మెరుస్తోంది. ముందు కొమ్ముకి పసుపు రాసి, బంతిపూల దండ వేశాం. కింద దుంగలు పరిచి ఉన్నాయి. మగవాళ్ళు రెండువైపులా చేరారు. ఆడవాళ్ళం గట్టు మెట్లమీద బూరెల గిన్నెలతో నిలబడ్డాం. మా ఆయన ఉతికిన తెల్లపంచె మోకాళ్ళ పైకి కట్టి నీళ్ళలోకి దిగాడు. పచ్చదనం ఇంకా పూర్తిగా పోని ఆ కళ్ళు నాకు అంతదూరం నుంచీ కనపడుతున్నాయి. కల్లు గీసే ఆయన లొట్టి వంచాడు. దొప్ప నురగతో నిండింది.

మా ఆయన నాలుగు చుక్కలు గోదాట్లోకి వదిలాడు. "తల్లికి ముందు!" అన్నాడు. ఆ గొంతు వినపడి ఎన్నాళ్ళయిందో. పాత గొంతే.

జవాబు రాలేదు.

నేను ముందు తమ్ముడి వైపు చూశాను. వాడు వంగి మోకు ముడి చూస్తున్నాడు, అది నిన్న వాడు వేసిన ముడే. మిగతావాళ్ళ వైపు చూశాను. ఎవరి చూపు వాళ్ళ కాళ్ళ మీద ఉంది. ఎవరి ఫోనో మోగింది. టక్కున ఆపేశారు.

మా ఆయన వెనక్కి తిరిగాడు. "ఏరా, చెవుల్లో తారు పోసుకున్నారా?" అని, ఇంకా గట్టిగా "తల్లికి ముందు!" అన్నాడు.

నీళ్ళు నావ కొమ్ముని కొడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"బామ్మర్దీ!"

"ఊఁ, బావా."

"అనరా."

"గొంతు పట్టేసింది బావా."

"ఇందాక లొట్టి తెమ్మని కేకలేసినప్పుడు బాగానే ఉందిగా?"

"ఆ కేకలకే పట్టేసింది."

మా ఆయన పక్కింటి పెద్దాయన్ని చూశాడు. మా మావగారి నాటి మనిషి ఆయన. "బాబాయ్, నువ్వనవయ్యా."

"పళ్ళన్నీ ఊడాయి గదరా, మాట తిరగట్లేదు. తప్పు పలికితే నావకి అరిష్టం" అన్నాడు పెద్దాయన. నవ్వు ఆపుకోవడానికి అవతల ఎవరో దగ్గారు.

మా ఆయన అబ్బాయిని చూశాడు. నావ వాడిదే. వాడు నావమీద చెయ్యి వేసి, "నేను తాగను కదా నాన్నా, నాకా మాట రాదు" అన్నాడు. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

మా ఆయన దొప్ప అలాగే పట్టుకుని మెట్ల వైపు, నా వైపు చూశాడు. ఆడవాళ్ళు ఆ మాట అనడం మా వాళ్ళలో ఎప్పుడూ లేదు. అయినా అడిగాడు. "నువ్వనవే. బళ్ళో రాశావంటగా."

ఆ అడగడంలో కోపం లేదు. పిల్లాడు అడిగినట్టు అడిగాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ మనిషి నన్ను నోరు తెరిచి అడిగినవి చాలా తక్కువ. అనేస్తే పోదా అని ఒక్క క్షణం నాకూ అనిపించింది. ఊరందరి ముందూ చెయ్యెత్తి నిలబడ్డాడు, చెయ్యి ఎలా దించుతాడు?

"రాయడం వచ్చింది. అనడం రాదు" అన్నాను.

పిన్నత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మా ఆయన ఏటి వైపు తిరిగాడు. అతని వీపే కనపడుతోంది మాకు. ఆ వీపు ఒకసారి పైకి లేచి కిందికి దిగింది. తర్వాత చెయ్యి మెల్లగా ఒరిగింది. నాలుగు చుక్కలు కాదు, దొప్పంతా ధారగా గోదాట్లోకి పోశాడు. నురగ కాసేపు తెల్లగా తేలి, దిగువకి వెళ్ళిపోయింది. ఖాళీ దొప్ప కూడా నీళ్ళలో వదిలేశాడు.

అప్పుడు మా తమ్ముడు నిటారుగా లేచి, పట్టేసిందన్న ఆ గొంతుతో రేవు అదిరేలా "బిడ్డకి తర్వాత!" అన్నాడు. వెంటనే అందరూ అన్నారు. పళ్ళు లేని పెద్దాయనా అన్నాడు, ఒక్క అక్షరం తప్పు పోకుండా. మా అబ్బాయీ అన్నాడు. మెట్లమీద ఆడవాళ్ళూ అన్నారు, వాళ్ళతోపాటు నేనూ.

"దొంగ సచ్చినోళ్ళారా!" అన్నాడు మా ఆయన. నవ్వుతున్నాడు. మొహం తడిసి ఉంది. ఏటినీళ్ళే అన్నాడు తర్వాత. "చూస్తారేంటి, పట్టండి నావ!"

నావ దుంగలమీద కిర్రుమంటూ కదిలి, ఒక్క ఊపులో నీళ్ళలో పడింది.

సాయంత్రం తమ్ముణ్ణి పట్టుకుని, "అందరికీ ముందే చెప్పావా?" అని అడిగాను.

"నేనెవరికి చెప్పానక్కా? నా నోరు లేవలేదు, అంతే. మిగతావాళ్ళ సంగతి వాళ్ళనే అడుగు" అన్నాడు. అడిగాను కూడా. ఒక్కొక్కళ్ళూ అదే చెప్పారు. పెద్దాయనైతే ఇప్పటికీ పళ్ళ మీదే పెడుతున్నాడు.

ఒక సంగతి మాత్రం మారింది. తాగని పెద్దమనిషి ఊళ్ళో ఒకడున్నాడు కాబట్టి, ఇప్పుడు సాయంత్రమైతే రెండో మాట కోసం మా గుమ్మంలోకి వస్తున్నారు. "పెదనాన్నా, ఒక్క మాటనేసి ఎల్లు" అని పిలుస్తారు. "నాకేం పనీపాటా లేదనుకున్నారా" అని విసుక్కుంటూనే కండువా వేసుకుని వెళ్తాడు. అందరికీ అనడు. పొద్దున్నే వేటకెళ్ళే వాడికి అనడు. ఇంట్లో పిల్లకి జ్వరంగా ఉన్నవాడికి అనడు. కొందరికి కోపం వస్తుంది, పడతాడు.

మొన్న మళ్ళీ రాజమండ్రి వెళ్ళాం. డాక్టరుగారు కాగితాలు చూసి, "పర్వాలేదే, నిజంగా మానేశారన్నమాట" అన్నారు.

"నేను మానలేదండీ. మా వాళ్ళు మాన్పించారు."

"ఎలాగండీ?"

"నోరు మూసుకునండి" అన్నాడు మా ఆయన.

డాక్టరుగారికి అర్థం కాలేదు. నన్ను చూశారు. నేను కథ మొదలుపెట్టబోతే బయట చాలామంది కూర్చున్నారని నర్సమ్మ తలుపు తీసింది. మందులు కొనుక్కుని బస్టాండు వైపు నడుస్తున్నాం. హోటలు ముందు పెసరట్టు వాసన వచ్చింది. మా ఆయన ఆగాడు. "ఆకలేస్తోందే" అన్నాడు. జబ్బు చేసిన దగ్గర్నుంచీ ఒక్కో ముద్దా నేను బతిమాలి పెట్టిందే. తనంతట తను ఆ మాట అనడం అదే మొదలు. రెండు తిన్నాడు. మూడోది నా ప్లేటులోంచి తీసుకున్నాడు.